ఆకుల రంగులు చూసొచ్చి ఆకుల బొంత కుట్టడం ఎలా?

చెట్ల ఆకులు పసుపు, నారింజ, ఎరుపులోకి తిరిగే రోజులు ఏడాదిలో కొన్ని వారాలే ఉంటాయి. ఆ వారాల్లో ఒక పూట బయట తిరిగి, అక్కడ చూసిన రంగులతోనే బొంత మొదలుపెట్టండి. కొట్లో నిలబడి గుడ్డలు ఎంచుకుంటే, పక్కపక్కన ఉన్నప్పుడు అందంగా కనిపించినవన్నీ ఇంటికొస్తాయి. చెట్ల కింద ఎంచుకుంటే ఆ కాలం ఇంటికొస్తుంది. నేను ఇన్నేళ్లలో కుట్టినవాటిలో ఎక్కువగా వాడుకుంటున్న బొంతలు ఇలా మొదలైనవే.

ఇక్కడ చెప్పేది పదహారు ఆకులున్న బొంత. పూర్తయ్యాక 48 అంగుళాల చదరం. మరోసారి బయటికి వెళ్లినప్పుడు ఇద్దరు దాని మీద కూర్చోవచ్చు, ఇంట్లో ఒకరు ఒళ్లో కప్పుకోవచ్చు. మిషను మీద తిన్నగా కుట్టడం వస్తే చాలు, వంపు కుట్లు ఎక్కడా లేవు.

ముందు నడక

ఒక గుడ్డ సంచి, బరువైన పాత పుస్తకం, రెండు తెల్ల కాగితాలు, ఫోను తీసుకెళ్లండి. చెట్టు మీదున్న ఆకుని తెంపకండి, రాలినవి చాలు. కొన్ని ఉద్యానవనాల్లో, రక్షిత అడవుల్లో రాలిన ఆకులు కూడా తీయనివ్వరు. అలాంటి చోట ఫొటోతో సరిపెట్టుకోండి.

ఆకుని తెల్ల కాగితం మీద పెట్టి, నీడలో ఫొటో తీయాలి. ఎండలో తీస్తే రంగు వెలిసిపోయినట్టు వస్తుంది. కాగితం తెల్లగా కనిపిస్తే ఆకు రంగు కూడా సరిగ్గా వచ్చినట్టే. నచ్చిన ఆకుల్ని అక్కడే పుస్తకం పేజీల మధ్య పెట్టండి. సంచిలో వేసుకొస్తే సాయంత్రానికల్లా ముడుచుకుపోతాయి. ఇంటికొచ్చాక పుస్తకం మీద బరువు పెట్టి వారం ఉంచితే చదునుగా ఆరతాయి.

ఇక తొందరపడకుండా ఒక్క ఆకుని చేతిలో పెట్టుకుని చూడండి. దూరం నుంచి ఎర్రగా కనిపించిన ఆకులో ఈనెల వెంట ఇంకా పచ్చదనం ఉంటుంది, అంచు గోధుమరంగుకి తిరిగి ఉంటుంది, మధ్యలో ఎక్కడో పసుపు మచ్చ. పొద్దు తగ్గి, రాత్రులు చల్లబడేకొద్దీ ఆకులోని పత్రహరితం విరిగిపోతుంది. అప్పటిదాకా దాని కింద దాగి ఉన్న పసుపు, నారింజ పైకి తేలతాయి. ఎరుపు కథ వేరు. అది ముందు నుంచీ ఉండదు, చాలా చెట్లు ఆ రోజుల్లోనే ఆకులో మిగిలిన చక్కెరతో దాన్ని తయారుచేస్తాయి. పగలు మంచి ఎండ కాసి, రాత్రి గడ్డకట్టనంత చలి ఉన్న ఏడాది ఎరుపు బాగా పండుతుంది. ఈ మార్పు ఆకంతా ఒకేసారి రాదు కాబట్టే ఒక్క ఆకులో అన్ని రంగులు.

మన బొంతకి కావలసిన పాఠం ఇదే. ఎరుపు, పసుపు, నారింజ మాత్రమే తెచ్చుకుంటే బొంత రంగుల పెట్టెలా ఉంటుంది కానీ ఆకుల్లా ఉండదు. మాసిన పచ్చ, తుప్పు రంగు, కాఫీ గింజ రంగు కూడా కొన్ని ఉండాలి. అవి పక్కనుంటేనే ఎరుపు వెలుగుతుంది. పదహారు ఆకుల్లో నాలుగైదు ఇలాంటి మసక రంగులకి ఇచ్చేయండి. కోసేటప్పుడు చేయి వెనక్కి లాగుతుంది, అయినా ఇవ్వండి.

గుడ్డలు

అన్నీ ఒకే మందంలో ఉన్న నూలు గుడ్డలు తీసుకోండి. పాత చొక్కాలు, గౌన్ల బట్ట పనికొస్తుంది కానీ మోచేతుల దగ్గర, చంకల దగ్గర నలిగిన భాగం వద్దు. సాగే బట్టకి దూరంగా ఉండండి.

ఒక్కో ఆకుకి 9 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల పొడవున్న ముక్క చాలు. నేల రంగుకి, అంటే ఆకుల వెనక కనిపించే లేత గుడ్డకి, 44 అంగుళాల పన్నా ఉన్నది 2 మీటర్లు కావాలి. ఆకుల మధ్య పట్టీలు, చుట్టూ అంచు కూడా అందులోంచే వస్తాయి. వెనక అస్తరుకి 56 అంగుళాల చదరం, మధ్యలోకి అంతే కొలతలో పలచని దూది షీటు. 44 పన్నాలో 56 రాదు కాబట్టి అస్తరు రెండు ముక్కలు అతికించుకోవాలి. పైపింగుకి ముదురు రంగు గుడ్డ అర మీటరు.

ఆకు రంగుకీ నేల రంగుకీ తేడా చాలినంత ఉందో లేదో కంటికి తెలియదు. గుడ్డలన్నీ పక్కపక్కన పరిచి ఫొటో తీసి, ఆ ఫొటోని ఫోనులో నలుపు తెలుపులోకి మార్చండి. ఏ గుడ్డ నేల గుడ్డలో కలిసిపోయిందో అది ఆకుగా పనికిరాదు. లేత పసుపు ఇక్కడ ఎక్కువగా మోసం చేస్తుంది. మామూలుగా చూస్తే మెరిసిపోతుంటుంది, నలుపు తెలుపులో చూస్తే మీగడ రంగు పక్కన కనిపించకుండా పోతుంది.

కోసేముందు ఎరుపు, మెరూన్ గుడ్డల్ని తప్పకుండా తడిపి చూడండి. చిన్న ముక్కని వేడినీళ్లలో అరగంట ఉంచి, తీసి తెల్ల గుడ్డ మీద పరిచి ఆరనివ్వండి. తెల్ల గుడ్డకి రంగు అంటితే ఆ ఎరుపుని విడిగా ఉతకాలి, రంగు దిగడం ఆగేదాకా మళ్లీ మళ్లీ ఉతకాలి. ఆగకపోతే పక్కన పెట్టేయాలి. నా రెండో బొంతలో ఈ పని చేయలేదు. మొదటి ఉతుకులోనే మెరూన్ దిగి, మీగడ రంగు నేలంతా గులాబీ మచ్చలయింది. మూడు నెలలు కుట్టిన బొంత అది. ఆ బాధ మీకు వద్దు.

ఒక్క ఆకుకి ముక్కలు

ఒక్కో ఆకు తొమ్మిది గడుల చదరం. పూర్తయ్యాక 9 అంగుళాలు వస్తుంది. ఆకు గుడ్డలోంచి 3½ అంగుళాల చదరాలు మూడు, 4 అంగుళాల చదరాలు రెండు, కాడ కోసం 1¼ అంగుళం వెడల్పు, 6 అంగుళాల పొడవున్న పట్టీ ఒకటి కోయండి. నేల గుడ్డలోంచి 3½ అంగుళాల చదరం ఒకటి, 4 అంగుళాల చదరాలు మూడు.

గుడ్డ పోగు వెంట తిన్నగా కోయాలి. క్రాసుగా పడిన అంచు చేతిలోనే సాగిపోతుంది.

పావు అంగుళం

బొంత కుట్టడంలో ఒక్కటే పట్టుదల పెట్టుకోమంటే ఇది పెట్టుకోండి. ప్రతి కుట్టుకీ అంచు నుంచి సరిగ్గా పావు అంగుళం వదలాలి. మన బొంతలో ఒక వరసలో పద్నాలుగు కుట్లు పడతాయి. ఒక్కో కుట్టు దగ్గర ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, అదనంగా పోయినా, వరస చివరికి వచ్చేసరికి దాదాపు ఒకటిముప్పావు అంగుళం తగ్గుతుంది. అప్పుడు పట్టీలు సరిపోవు, మూలలు కలవవు, టెన్షన్ మొదలవుతుంది.

ముందే పరీక్షించుకోవచ్చు. 1½ అంగుళం వెడల్పున్న పట్టీలు మూడు పక్కపక్కన కుట్టి, ఇస్త్రీ చేసి, మధ్య పట్టీని కొలవండి. సరిగ్గా 1 అంగుళం ఉంటే మీ పావు అంగుళం సరైనదే. తక్కువుంటే కుట్టు లోపలికి వెళ్తోంది, ఎక్కువుంటే అంచుకి దగ్గరగా పడుతోంది. సరిచూసుకున్నాక మిషను పలక మీద సూది నుంచి ఆ దూరంలో టేపు అంటించేసుకోండి. కుట్టు పొడవు 2 నుంచి 2½ మిల్లీమీటర్లు పెట్టుకోండి.

ఆకు కుట్టడం

ముందు రెండు రంగుల గడులు. 4 అంగుళాల నేల చదరం వెనక వైపు మూల నుంచి మూలకి పెన్సిలుతో గీత గీయండి. దాన్ని ఆకు చదరం మీద, మంచి వైపులు రెండూ లోపలికి వచ్చేలా పెట్టండి. గీతకి అటు పావు అంగుళంలో ఒక కుట్టు, ఇటు పావు అంగుళంలో ఒక కుట్టు వేసి, గీత మీద కోసేస్తే రెండు గడులు వస్తాయి. రెండో జతతో మరో రెండు. విప్పి ఇస్త్రీ చేశాక, అడ్డ కుట్టు సరిగ్గా మూల నుంచి మూలకి వచ్చేలా స్కేలు పెట్టి ఒక్కోదాన్ని 3½ అంగుళాలకి సరిచేయండి. 4 అంగుళాలు కోసింది ఈ సరిచేయడం కోసమే.

కాడ గడికి, మిగిలిన 4 అంగుళాల నేల చదరాన్ని మూల నుంచి మూలకి రెండుగా కోసి, మధ్యలో కాడ పట్టీ పెట్టి రెండు వైపులా కుట్టండి. కాడ మూలల్లోకి సూటిగా వచ్చేలా చూసుకుని దీన్ని కూడా 3½కి కోయండి. కాడకి అదే ఆకు రంగు వాడొచ్చు, గోధుమరంగు వాడొచ్చు. నాకు గోధుమరంగే ఇష్టం, పదహారింటికీ ఒకే కాడ రంగు ఉంటే ఒకే చెట్టు కింద ఏరినట్టు అనిపిస్తుంది.

ఇప్పుడు బల్ల మీద పేర్చండి. పై వరసలో ఎడమ మూల నేల చదరం, పక్కన రెండు రంగుల గడులు రెండు. మధ్య వరసలో ఎడమవైపు రెండు రంగుల గడి, తర్వాత ఆకు చదరాలు రెండు. కింది వరసలో ఎడమవైపు రెండు రంగుల గడి, ఆకు చదరం, చివర కుడి మూలలో కాడ. నాలుగు రెండు రంగుల గడుల్లోనూ ఆకు రంగు సగం కింద కుడివైపుకి, అంటే కాడ వైపుకి ఉండాలి. ఒక్కటి తిరగబడినా ఆకు కొస విరిగినట్టు కనిపిస్తుంది. పేర్చాక ఫొటో తీసి, దాన్ని చూస్తూ కుట్టండి.

మూడు వరసలు విడివిడిగా కుట్టి, పై వరస, కింది వరస మడతల్ని ఎడమకి, మధ్య వరస మడతల్ని కుడికి ఇస్త్రీ చేయండి. వరసలు కలిపేటప్పుడు మడతలు ఎదురెదురుగా వచ్చి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, మూలలు కలుస్తాయి. ఇస్త్రీపెట్టెని గుడ్డ మీద లాగకండి, పెట్టి నొక్కి ఎత్తండి.

రోజుకో ఆకు

ముక్కలన్నీ ఒకేరోజు కోసి, ఆకు ఆకుకీ విడిగా ఒక్కో కవరులో పెట్టుకోండి. పదహారు కవర్లు. పని ముగించుకున్న సాయంత్రం ఒక కవరు తీస్తే, అలవాటైన చేతికి అరగంటలో ఆకు తయారవుతుంది. ముందు కొలిచి, కోసి, వెతుక్కోవలసిన పని ఉంటే అలసిన రోజు మిషను దగ్గరికే వెళ్లం. కవరు సిద్ధంగా ఉంటే వెళ్తాం.

కలపడం

అన్నీ అయ్యాక నేల మీద నాలుగు వరసల్లో నాలుగేసి పరవండి. ఆకులన్నీ ఒకే దిక్కుకి ఉండనక్కర్లేదు, కొన్నింటిని తిప్పితే గాలికి రాలినట్టు ఉంటాయి. ఒక రాత్రి అలాగే వదిలి పొద్దున చూడండి, రెండు మూడు చోట్లు మార్చాలనిపిస్తుంది.

ఆకుకీ ఆకుకీ మధ్య 2½ అంగుళాల వెడల్పు, 9½ పొడవున్న పట్టీలు పన్నెండు. వరసకీ వరసకీ మధ్య 2½ వెడల్పు, 42½ పొడవున్నవి మూడు. ఆపైన చుట్టూ అంచుకి 3½ వెడల్పు పట్టీలు, ముందు రెండు పక్కలా 42½ పొడవున్నవి, తర్వాత పైనా కిందా 48½వి. పొడవు చాలకపోతే అతికించి కుట్టుకోండి.

మూడు పొరలు

అస్తరుని మంచి వైపు కిందికి వచ్చేలా నేల మీద పరిచి, అంచుల్ని టేపుతో బిగువుగా అంటించండి, కానీ సాగదీయకండి. దాని మీద దూది షీటు, ఆ పైన ఆకుల బొంత. మధ్యలోంచి బయటికి అరచేత్తో సవరిస్తూ ప్రతి అరచేతి దూరానికీ ఒక పిన్నీసు పెట్టండి. ఇక్కడ బద్ధకిస్తే వెనక ముడతలు కుట్టులో పడిపోతాయి, తర్వాత విప్పడం తప్ప దారి లేదు.

మిషనుకి వాకింగ్ ఫుట్, అంటే గుడ్డని పై నుంచి కూడా ముందుకు జరిపే పాదం, ఉంటే బిగించండి, మూడు పొరలూ కలిసి కదులుతాయి. సూది 90/14 సైజుది, కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు. మధ్య నుంచి మొదలుపెట్టి, ముందు పట్టీల వెంట తిన్నగా కుట్టేయండి. అంతటితో బొంత నిలుస్తుంది. తర్వాత ఒక్కో ఆకులో కాడ నుంచి కొసకి ఒక గీత, దాని నుంచి పక్కలకి ఈనెలు. దీనికి మీరు పుస్తకంలో ఆరబెట్టిన ఆకుని బయటికి తీసి ఎదురుగా పెట్టుకోండి. దాని మీద పలచని కాగితం వేసి పెన్సిలు అడ్డంగా రుద్దితే ఈనెలన్నీ కాగితం మీదికి వస్తాయి, ఆ దారులే కుట్టులోకి వస్తాయి.

పైపింగు, చివరి కుట్టు

మిగులు దూది, అస్తరు కోసేసి అంచులు సరిచేయండి. ముదురు గుడ్డలోంచి 2½ అంగుళాల పట్టీలు పన్నా పొడవునా ఆరు కోసి, ఏటవాలుగా అతికించండి. ఐదుతో కూడా సరిపోవచ్చు, కానీ చివర నాలుగు వేళ్ల ముక్క తక్కువ పడితే ఆగిపోతాం. పట్టీని పొడవునా సగానికి మడిచి ఇస్త్రీ చేసి, తెరిచిన అంచులు బొంత అంచుతో కలిపి ముందువైపు మిషను మీద కుట్టండి. మూలకి పావు అంగుళం ముందు ఆగి, పట్టీని పైకి మడిచి మళ్లీ కిందికి దించి కొత్త పక్క మొదలుపెట్టాలి.

వెనక్కి తిప్పి చేత్తో హెమ్మింగ్ చేయడమే మిగిలింది. చుట్టూ 192 అంగుళాలు. దీన్ని నేను ఇంట్లో చేయను. ఆకులు ఇంకా పూర్తిగా రాలకముందే బొంతని, సూదిని, దారపు ఉండని, చిన్న కత్తెరని తీసుకుని మొదట వెళ్లిన చోటికే మళ్లీ వెళ్తాను. నేల తడిగా ఉంటుంది కాబట్టి కింద ప్లాస్టిక్ షీటు పరవాలి. బొంతలో ఒక సగం ఒళ్లో వేసుకుని రెండో సగం మీద కూర్చుంటే, ఒక పూటలో రెండు పక్కలు అవుతాయి. మిగతా రెండు పక్కల కోసం ఇంకోసారి రావాలి.