మిద్దె మీద నుంచే అయనోస్ఫియర్ బుడగలను ఫోన్‌తో చూడడం ఎలా?

మార్చి నెల, గార్లదిన్నె దగ్గర ఒక చెనిక్కాయ చేను గట్లు కొలుస్తున్నాం. పగలు ఎండకు నిలవలేక సాయంత్రం మొదలుపెట్టాం. రాత్రి ఎనిమిది కావస్తుండగా అప్పటిదాకా నిలకడగా ఉన్న రోవర్ (పొలంలో పట్టుకు తిరిగే జీపీఎస్ రిసీవర్) ఫిక్స్ (సెంటీమీటర్ల దాకా కచ్చితమైన లెక్క) పోయి అంత కచ్చితం కాని ఫ్లోట్‌లోకి పడింది, మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. పైన మబ్బు తునక లేదు, చుట్టుపక్కల చెట్టు లేదు. "మీ మిషనే సరిగా లేదప్పా" అన్నాడు రైతు, మేమూ అదే అనుకున్నాం. తెల్లారి అదే గట్టు మీద నిమిషంలో ఫిక్స్ వచ్చింది. ఆ తర్వాత చాలా రాత్రులు మిద్దె మీద ఫోన్ పెట్టి చూశాక నాకు గట్టి నమ్మకం కుదిరింది, తప్పు మిషన్‌ది కాదు, మన నెత్తి మీద వందల కిలోమీటర్ల ఎత్తున, అయనోస్ఫియర్ అనే పొరలో లేచే ప్లాస్మా (విద్యుదావేశం ఉన్న వాయువు) బుడగలది. మీరూ చూడొచ్చు, పైసా ఖర్చు లేదు.

ముందు సంగతేంటో తెలుసుకోండి. అయస్కాంత భూమధ్యరేఖ (భూమి అయస్కాంత రేఖలు నేలకు సమాంతరంగా ఉండే గీత) మన దేశం దక్షిణ కొస మీదుగా పోతుంది, 1963లో తొలి రాకెట్ ఎగరడానికి కేరళలోని తుంబాను ఎంచుకున్నదీ అందుకే. పొద్దు గుంకగానే అయనోస్ఫియర్‌లో కింది భాగం తొందరగా పలచబడుతుంది, అదే వేళకు అక్కడి విద్యుత్ క్షేత్రం పెరిగి పై పొరను ఇంకా పైకి ఎత్తుతుంది. అంటే చిక్కనిది పైన, పలచనిది కింద. గ్లాసు అడుగున నూనె, పైన నీళ్లు ఉంటే నూనె ఊరుకోదు కదా, ఇక్కడా అంతే, పలచని ప్లాస్మా బుడగలై పైకి తన్నుకొస్తుంది, వాటి అంచుల్లో చిన్నా పెద్దా ముక్కలుగా అంతా చెదిరిపోతుంది. ఉపగ్రహం సిగ్నల్ వాటి గుండా వస్తే ఊగిపోతుంది. ఈ బుడగలు అయస్కాంత రేఖల వెంట అటు దక్షిణానికీ ఇటు ఉత్తరానికీ సాగుతాయి. ఎంత ఎత్తుకు లేస్తే అంత దూరం. అహ్మదాబాద్ దాకా రావాలంటే చాలా ఎత్తుకు లేవాలి, అనంతపురం, కడప, కర్నూలుకు అంత అక్కర్లేదు. తిరుపతి దగ్గర గాదంకిలో ఉన్న పెద్ద రాడార్ వీటిని ఏళ్ల తరబడి చూస్తూనే ఉంది.

ఇక పని. మార్చి, ఏప్రిల్ లేదా సెప్టెంబర్, అక్టోబర్ నెలలు ఎంచుకోండి, మన వైపు ఇవే మంచి కాలం. సూర్యుడి మీద మచ్చలు ఎక్కువగా ఉన్న ఏళ్లలో ఇంకా బాగా కనిపిస్తాయి.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో జీపీఎస్‌టెస్ట్ అనే ఉచిత యాప్ వేసుకోండి. ఏడింటికల్లా మిద్దె ఎక్కి, నీళ్ల ట్యాంకుకూ పిట్టగోడకూ దూరంగా, ఫోన్‌ను వెల్లకిలా పెట్టి ఏరోప్లేన్ మోడ్ వేయండి (లొకేషన్ మాత్రం ఆన్‌లోనే ఉంచండి). తర్వాత దాన్ని కదపొద్దు, మీద వంగి చూడొద్దు, మన ఒళ్లు కూడా సిగ్నల్‌కు అడ్డమే. పక్కన కూర్చొని స్క్రీన్ రికార్డింగ్ పెడితే సరిపోతుంది.

యాప్‌లో ఒక్కో ఉపగ్రహానికి ఒక్కో వరుస ఉంటుంది, అందులో సిగ్నల్ బలం అంకె చూడాలి. ఆకాశంలో 30 డిగ్రీల కంటే ఎత్తులో ఉన్నవాటినే లెక్కలోకి తీసుకోండి. మామూలుగా ఆ అంకె 40 దగ్గర ఉంటే 39, 41 మధ్య ఆడుతుంది. బుడగ అడ్డం వచ్చిందంటే 40, 33, 41, 29, 38 ఇలా సెకను సెకనుకూ ఎగిరి పడుతుంది. పక్క ఉపగ్రహం మాత్రం ఏమీ ఎరగనట్టు నిలకడగా ఉంటుంది. మొదటిసారి అది చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. మీ ఫోన్ ఎల్5 (మామూలు ఎల్1 సిగ్నల్ కంటే తక్కువ ఫ్రీక్వెన్సీది) కూడా పట్టేదైతే ఆ వరుస ఎల్1 కంటే ఎక్కువ ఊగుతుంది, ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ దెబ్బ ఎక్కువ.

ఇది ట్యాంకు మీదో గోడ మీదో పడి తిరిగొచ్చిన సిగ్నల్ వల్ల కాదని ఎలా తెలుస్తుంది? ఈ మెట్టు మాత్రం వదలొద్దు. జీపీఎస్ ఉపగ్రహాలు రోజూ నాలుగు నిమిషాలు ముందుగా ఆకాశంలో అదే చోటికి వస్తాయి. ఈ రోజు 8:40కి ఊగిన ఉపగ్రహాన్ని రేపు అదే చోట ఫోన్ పెట్టి 8:36కు చూడండి. అచ్చం అలాగే ఊగితే అది గోడ పనే అనుకోవాలి. రేపు నిలకడగా ఉంటే నిన్నటిది పైనుంచి వచ్చిందే. ఈ లెక్క జీపీఎస్‌కే, ఐరోపా వాళ్ల గెలీలియోకూ రష్యా వాళ్ల గ్లోనాస్‌కూ పనిచేయదు.

రెండు మూడు రాత్రులు ఏమీ కనిపించకపోయినా వదిలేయొద్దు, బుడగలు ప్రతి రాత్రీ లేవవు. అర్ధరాత్రి దాటితే సాధారణంగా సద్దుమణుగుతాయి.

ఒక్కరే చూడడం అలవాటయ్యాక, మీరు అనంతపురంలో ఉంటే, కడపలో ఉన్న దోస్తుకు ఫోన్ చేసి వాళ్ల మిద్దె కూడా ఎక్కించండి. బుడగలు సెకనుకు సుమారు 100 మీటర్ల వేగంతో పడమర నుంచి తూర్పుకు పోతాయి, అనంతపురం నుంచి కడప నేరుగా 130 కిలోమీటర్లు. ఇద్దరూ ఒకే ఉపగ్రహం మీద కన్నేసి ఉంచండి. మీ దగ్గర ఊగడం మొదలైన టైం రాసుకోండి, ఇరవై నిమిషాలు అటూ ఇటూగా కడప నుంచి "ఇప్పుడు మొదలైంది" అని కబురు రావచ్చు.