సంక్రాంతికి పిల్లలతో ఊరికి: దారిలో చిక్కులు, వాటి కారణాలు, పరిష్కారాలు

హైదరాబాద్ నుంచి గోదావరి జిల్లాలకో విశాఖకో పండక్కి బయలుదేరే ఇళ్ళలో ప్రయాణం ఎప్పుడన్నది పెద్దవాళ్ళ సెలవును బట్టి తేలుతుంది. పిల్లల ఆకలి వేళ, నిద్ర వేళ ఆ లెక్కలోకి రావు. దారిలో పిల్లలు మారాం చేస్తున్నారని మనం విసుక్కునే సందర్భాల్లో చాలావాటికి ఆ రెండు వేళలూ తప్పడమే కారణం. అందుకే కింది చిక్కుల్లో చాలావాటికి విరుగుడు బయలుదేరే ముందే ఉంది.

టికెట్ దొరికింది, కానీ పిల్లలకు బెర్తు లేదు. లేదా తల్లి ఒక చోట, పిల్లలు మరో చోట

మొదటి కారణం ఆలస్యం. రైలు రిజర్వేషన్ గడువు 2024 నవంబరు 1 నుంచి 120 రోజుల బదులు 60 రోజులకు తగ్గింది. పాత అలవాటుతో నాలుగు నెలల ముందు చూసి, ఇంకా తెరవలేదని ఊరుకుని, ఆ తరువాత మరిచిపోయేవారు చాలామంది. ప్రయాణపు రోజును లెక్కలోంచి తీసేసి 60 రోజులు వెనక్కి వెళ్ళాలి. జనవరి 12న బయలుదేరాలంటే నవంబరు 13 ఉదయం 8 గంటలకు కూర్చోవాలి. జనవరి 17న తిరిగి రావాలంటే నవంబరు 18న. ఈ రెండు తేదీలూ ఇప్పుడే క్యాలెండరులో రాసుకోండి.

రెండో కారణం ఫారం నింపేటప్పుడు జరిగే పొరపాటు. 5 ఏళ్ళు నిండి 12 నిండని పిల్లలకు బెర్తు వద్దంటే సగం చార్జీ, కావాలంటే పూర్తి చార్జీ. డబ్బు కలిసొస్తుందని సగం టికెట్ తీసుకుంటే రాత్రి రైల్లో ఎనిమిదేళ్ళ పిల్లవాడు తల్లి బెర్తు మీదే సర్దుకోవాలి. ఇద్దరికీ నిద్ర ఉండదు. గౌతమి, గోదావరి వంటి రాత్రి రైళ్ళలో ఆ ఆదా చేయకండి. 5 ఏళ్ళ లోపు పిల్లలకు విడిగా బెర్తు అడగకపోతే టికెట్ అక్కర్లేదు. వందే భారత్ లాంటి కూర్చునే రైళ్ళలో సగం టికెట్ సదుపాయం లేదు, 5 నిండితే పూర్తి చార్జీయే.

బెర్తులు చెల్లాచెదురు కాకుండా ఉండాలంటే కుటుంబమంతా ఒకే టికెట్‌లో ఉండాలి. ఒక టికెట్‌లో ఆరుగురి వరకు పడతారు. కనీసం ఒక లోయర్ బెర్తు ఇస్తేనే టికెట్ బుక్ చేయమని చెప్పే వీలు రైల్వే వెబ్‌సైటులో ఉంది, దాన్ని వాడుకోండి. అందరూ వెయిటింగ్ లిస్టులోనే మిగిలిపోతే చార్టు తయారయ్యాక ఈ-టికెట్ దానంతటదే రద్దవుతుంది. దానితో రిజర్వేషన్ బోగీ ఎక్కడానికి వీల్లేదు. పిల్లలను వెంటపెట్టుకుని స్టేషన్‌కు వెళ్ళి తేల్చుకుందామనుకోకండి.

బస్సులోనో కారులోనో వాంతులు

ఎక్కువ మంది తల్లిదండ్రులు భయపడేది దీనికే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. లోపలి చెవిలోని సమతుల్యత భాగం శరీరం కదులుతోందని మెదడుకు చెబుతుంది. ఫోనులోనో పుస్తకంలోనో తల దూర్చిన కళ్ళు ఏమీ కదలడం లేదంటాయి. ఈ రెండు కబుర్లూ పొసగకపోవడం వల్లే తిప్పుడు, వికారం. రెండేళ్ళ నుంచి పన్నెండేళ్ళ మధ్య పిల్లల్లో ఇది ఎక్కువ. ఏడవకుండా ఉంటారని చేతికిచ్చిన ఫోనే చాలాసార్లు వాంతికి కారణం.

వాంతి చెప్పకుండా రాదు. అప్పటిదాకా కబుర్లు చెబుతున్న పిల్ల ఒక్కసారిగా మాట మానేస్తుంది. ఆవలింతలు వస్తాయి, పెదవుల చుట్టూ పాలిపోతుంది, నుదుట చెమట పడుతుంది, మాటిమాటికీ లాలాజలం మింగుతుంది. అది చూసిన వెంటనే కారు పక్కకు ఆపండి. బస్సు అయితే కిటికీ తెరిచి, తల వెనక్కి ఆనించి, దూరంగా కనిపించే కొండనో చెట్టునో చూడమనండి.

బస్సులో చివరి వరసలు కుదుపులకు నిలయం. ముందు వైపు సీట్లు తీసుకోండి. కారులో వెనక సీటులో మామూలుగా కూర్చున్న పిల్లలకు ముందు సీటు వీపు తప్ప ఏమీ కనిపించదు. పిల్లలను ఎత్తుగా కూర్చోబెట్టే బూస్టర్ సీటు వేస్తే ముందు అద్దంలోంచి రోడ్డు కనిపిస్తుంది, వికారమూ తగ్గుతుంది, బెల్టూ సరిగ్గా పడుతుంది. ముందు సీటులో ఒళ్ళో కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళడం నేను ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోలేను. గట్టిగా బ్రేకు వేస్తే ఎంత బలమైన చేతులైనా పిల్లను ఆపలేవు. 14 ఏళ్ళ లోపు పిల్లలకు బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకపోతే 1000 రూపాయల జరిమానా అని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చెబుతోంది.

ఖాళీ కడుపుతో బయలుదేరితే వాంతులు రావనుకోవడం సరికాదు. గంట ముందు రెండు ఇడ్లీలో, కొంచెం పెరుగన్నమో చాలు. వడలు, పూరీలు ఆ రోజుకు వద్దు. వాంతి అయ్యాక వెంటనే ఏదో ఒకటి పెట్టకుండా, కాసేపాగి గుక్కెడు గుక్కెడు నీళ్ళు పట్టండి. మందుల విషయంలో పిల్లల డాక్టరునే అడగండి. వికారానికి వాడే కొన్ని మందులు రెండేళ్ళ లోపు పిల్లలకు ఇవ్వకూడదు. డాక్టరు రాస్తే దాన్ని వికారం మొదలయ్యాక కాదు, చెప్పినంత సేపు ముందే వేయాలి.

విజయవాడ రోడ్డు మీద గంటల తరబడి ఆగిపోవడం

భోగికి ముందు రెండు మూడు సాయంత్రాలు ఊరంతా ఒకేసారి 65వ నంబరు జాతీయ రహదారి మీదికి వస్తుంది. చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్ గేటుకు చేరేసరికే పిల్లల రాత్రి భోజనం వేళ దాటిపోతుంది. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరితే పిల్లలు మిగతా నిద్ర కారులోనే పూర్తి చేస్తారు, మెలకువ వచ్చేసరికి రద్దీలో చాలా భాగం దాటేసి ఉంటారు. గుంటూరు వైపు వెళ్ళేవారు నార్కట్‌పల్లి దగ్గర మిర్యాలగూడ దారి పట్టవచ్చు, కానీ అది పంతంగి దాటాకే వస్తుంది, కాబట్టి ఆ టోల్ దగ్గరి రద్దీ తప్పదు. దాన్ని పూర్తిగా తప్పించుకోవాలంటే నాగార్జునసాగర్ దారే మేలు. ఏ దారైనా రెండు గంటలకొకసారి పిల్లలను దింపి నడిపించండి.

రైల్లో రాత్రంతా నిద్రపోకపోవడం

బోగీలో దీపాల వెలుతురు, కొత్త చోటు, ఏసీ చలి కారణాలే. అసలు కారణం ఇంటి దగ్గర పడుకునే ముందు జరిగేవేవీ ఇక్కడ జరగకపోవడం. ఇంట్లో కప్పుకునే దుప్పటే తీసుకెళ్ళండి. పళ్ళు తోమించి, రాత్రి బట్టలు వేసి, రోజూ చెప్పే కథే చెప్పండి. మిడిల్ బెర్తు వేసుకునే నియమిత వేళ రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు. మీ పిల్ల ఎనిమిదిన్నరకే పడుకునేదైతే ఎదుటి వారిని ముందే మర్యాదగా అడగండి, పసివాళ్ళ నిద్రంటే కాదనేవారు అరుదు. పడుకోబెట్టడం లోయర్ బెర్తులోనే, గోడ వైపు.

రద్దీలో చెయ్యి విడిపోవడం

బయలుదేరే ముందు, ఆ రోజు వేసిన బట్టలతోనే పిల్లల ఫొటో తీసి ఉంచుకోండి. మీ ఫోను నంబరు కాగితం మీద రాసి జేబులో పెట్టండి. తప్పిపోతే కదలకుండా నిలబడమని నేర్పండి. రైల్వే సహాయానికి 139, పిల్లల సహాయానికి 1098.

ఊరు చేరాక ఏడుపు, విరేచనాలు

తాతగారింట్లో అడుగు పెట్టగానే చేతులు మారుతుంటే చంటిపిల్ల ఏడుస్తుంది. అది పెంకితనం కాదు, తెలియని ముఖాలంటే భయం. అరగంట తల్లి ఒళ్ళో ఉండనివ్వండి, తనంతట తానే అమ్మమ్మ దగ్గరికి పాకుతుంది. భోగిపళ్ళు పోసే సాయంత్రం ముందుగా ఒక నిద్ర తీయించండి. నాణేలు, నానబెట్టిన శనగలు ఒళ్ళో పడగానే నోట్లోకి వెళ్తాయి, గొంతులో అడ్డం పడవచ్చు. పోసినంతసేపూ ఒకరు పిల్ల చేతులనే చూస్తూ ఉండాలి.

అరిసెలు, బొబ్బట్లు, నీళ్ళ మార్పు, వేళ కాని వేళ భోజనం కలిసి కడుపును పాడు చేస్తాయి. విరేచనాలైతే పట్టే ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్టు మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఒకేసారి కలపాలి. గ్లాసులో చారెడు పొడి వేస్తే ఉప్పు మోతాదు తప్పుతుంది, అది ప్రమాదం. కలిపిన నీళ్ళు 24 గంటలు దాటితే పారబోయండి. మూత్రం తగ్గినా, విరేచనంలో రక్తం కనిపించినా, పిల్ల మగతగా ఉన్నా పండుగ అని ఆలోచించకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

తిరిగి వచ్చిన మరునాడు బడికి వెళ్ళనని మొండికేయడం

సెలవుల ఆఖరి రాత్రి రైలెక్కి, తెల్లారి దిగి, అటు నుంచి అటే బడికి పంపితే ఎవరికైనా మొండితనం వస్తుంది. సెలవులు ఇంకొక రోజు మిగిలి ఉండగానే ఇల్లు చేరేలా తిరుగు టికెట్ తీసుకోండి. అత్తగారు, అమ్మ ఇంకొక్క రోజు ఉండమంటారు. ఆ మాట నవంబరులో టికెట్ తీసేటప్పుడే మాట్లాడేసుకోండి.