బయటికి చెప్పుకోని పాటలతో రెండు గంటల ప్లేలిస్టు కట్టడం ఎలా

ఇంట్లో సంగీత్ ఉన్నా, మేడ మీద పుట్టినరోజు పార్టీ ఉన్నా పాటలు ఎంచడం మొదలుపెట్టగానే అందరూ మర్యాదస్తులైపోతారు. ఇష్టమైన పాట చెప్పమంటే సిరివెన్నెల పేరో, ఇళయరాజా మెలొడీయో వస్తుంది. తీరా ఆ రాత్రి అవే వేస్తే అందరూ కుర్చీల్లోనే కూర్చుంటారు. వాళ్లను లేపే పాటలు వేరే ఉన్నాయి. ఐటమ్ సాంగ్, మాస్ బీట్, డబ్బింగ్ సినిమాలోని గోల పాట, పెళ్లి బరాత్‌లో బ్యాండు వాళ్లు వాయించేది. ఒంటరిగా కారులో ఉన్నప్పుడు అందరూ వినేవి అవే. వాటితో ప్లేలిస్టు కట్టాలంటే మామూలు ప్లేలిస్టు కంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి.

ముందు ఒక అపోహ వదిలించుకోవాలి. ఈ పాటలు చేతకానివాళ్లు చేసినవి కావు. 1977లో అడవిరాముడులో ‘ఆరేసుకోబోయి పారేసుకున్నాను’ రాసిన వేటూరే, 1980లో విడుదలైన శంకరాభరణానికీ రాశారు. 2021లో పుష్పకు ‘ఊ అంటావా’ రాసిన చంద్రబోసే 2023లో ఆస్కార్ అందుకున్నారు. ‘మసక మసక చీకటిలో’ పాటను ఎల్.ఆర్. ఈశ్వరి పాడిన తీరులో గొంతు మీద ఎంత అదుపు ఉందో ఒకసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. ఇది నమ్మనివాళ్లు కట్టిన జాబితా ఎక్కడో ఒకచోట బయటపడిపోతుంది. వెటకారంగా నాలుగు పాటలు వేసి, అయిదోదానికి క్షమాపణ చెబుతారు.

పాటలు సేకరించడం

రెండు గంటలకు పాట నాలుగు, నాలుగున్నర నిమిషాల లెక్కన 27 నుంచి 30 పాటలు పడతాయి. 45 దాకా సేకరించుకుంటే ఏరుకోవడానికి వీలుంటుంది. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో మాత్రం అడగకండి. మొదటివాళ్లు ఏ క్లాసిక్ పేరో పెడతారు, తక్కినవాళ్లంతా అదే దారి పడతారు. ఒక్కొక్కరికీ విడిగా మెసేజ్ పెట్టి, మనిషికి మూడు పాటల చొప్పున అడగండి. ‘ఇష్టమైన పాట’ అనే మాటే వాడొద్దు. ‘బస్సులో వస్తుంటే ఆపమని అనబుద్ధి కాని పాట ఏది’, ‘చరణాలతో సహా మాటలన్నీ నోటికొచ్చిన మాస్ పాట ఏది’ అని అడిగితే అసలు జవాబులు వస్తాయి.

ఎవరు ఏది చెప్పారో మీ దగ్గరే ఉండిపోవాలి. స్పాటిఫైలో అందరూ కలిసి పాటలు చేర్చే ప్లేలిస్టు పెడితే, ప్రతి పాట పక్కనా అది చేర్చినవాళ్ల బొమ్మ కనిపిస్తుంది. కాబట్టి చేర్చే పని ఒక్కరి చేతిలోనే ఉంచండి. మీ సొంత పాటల కోసం జ్ఞాపకాన్ని నమ్ముకోకుండా స్పాటిఫైలో మీరు మళ్లీ మళ్లీ విన్నవాటి ‘ఆన్ రిపీట్’ జాబితా, యూట్యూబ్ హిస్టరీ చూడండి. మనం వింటున్నామని అనుకునేవి వేరు, నిజంగా వినేవి వేరు. ఈ వారమంతా ఇవే వింటారు కాబట్టి స్పాటిఫైలో ప్రైవేట్ సెషన్ ఆన్ చేసుకుంటే మిమ్మల్ని ఫాలో అయ్యేవాళ్లకు ఆ పాటలు కనిపించవు. ప్లేలిస్టు మెనూలో టేస్ట్ ప్రొఫైల్ (మీ అభిరుచి గురించి యాప్ వేసుకునే అంచనా) నుంచి మినహాయించే ఆప్షన్ కూడా ఉంది. అది నొక్కకపోతే తర్వాత చాలా రోజులపాటు యాప్ మీకు ఇలాంటి పాటలే చూపిస్తూ ఉంటుంది.

చరణాలు వినకుండా చేర్చొద్దు

చాలామందికి పల్లవి వరకే తెలుసు. ద్వంద్వార్థాలు ఎక్కువగా రెండో చరణంలో ఉంటాయి. 45 పాటలనూ చివరిదాకా ఒకసారి వినండి. మూడు గంటలకు పైగా పడుతుంది, కానీ ఈ పనికి దగ్గరదారి లేదు. పన్నెండేళ్ల పిల్ల ‘దీనికి అర్థమేంటి బాబాయ్’ అని అడిగితే తడుముకోకుండా చెప్పగలిగిన పాట ఎప్పుడైనా వేయొచ్చు. చెప్పలేని పాటను జాబితా చివరికి జరపండి, పిల్లలు నిద్రకు వెళ్లాక వేసుకోవచ్చు. ఒక మనిషి రంగునో, ఒళ్లునో, కులాన్నో ఎగతాళి చేసే పాట ఎంత ఊపున్నదైనా తీసేయండి. అక్కడ నవ్వలేనివాళ్లు ఎవరో ఒకరు ఉంటారు, వాళ్లు ఆ మాట పైకి చెప్పరు.

నడక, వేగం

ఇంట్లో కట్టిన జాబితాలు ఎక్కువగా ఇక్కడే చెడిపోతాయి. రెండు హిట్ పాటలను పక్కపక్కన పెట్టినా డాన్సు ఆగిపోతోందంటే, సాధారణంగా వాటి నడక వేరు. తొడ మీద తాళం వేస్తూ ఒక్కో దెబ్బకు ‘తకధిమి’ అనుకోండి. సరిపోతే దాని నడక చతురశ్రం, అంటే నాలుగు లెక్క. ‘తకిట’ సరిపోతే తిశ్రం, అంటే మూడు లెక్క. మన తీన్‌మార్ ఊపు తిశ్రానిది. ‘నాటు నాటు’ నడిచేది కూడా తిశ్రంలోనే, పాశ్చాత్య లెక్కలో చెబితే 6/8. బప్పీలహరి 1986లో సింహాసనంతో తెచ్చినలాంటి డిస్కో బాణీలు నాలుగు లెక్కలో నడుస్తాయి. తిశ్రంలో ఎగురుతున్న కాళ్లు ఒక్కసారిగా నాలుగులోకి మారలేవు. మొదటి పది సెకన్లలో అడుగు తడబడుతుంది, తడబడినవాళ్లు నీళ్లు తాగడానికి వెళ్లిపోతారు.

కాబట్టి ఒకే నడక పాటలను మూడు నాలుగు కలిపి ఒక గుత్తిగా పెట్టండి. వేగం కొలవడానికి యాప్ అక్కర్లేదు. 15 సెకన్లలో ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. వరుస పాటల మధ్య తేడా పదికి మించకుండా చూసుకోండి. మొదటి గుత్తి నిమిషానికి 95–105 దెబ్బల దగ్గర మొదలైతే చాలు. మొదటి పాటకే 140 పెడితే లేచేవాళ్లు లేవరు, లేచినవాళ్లు మూడో పాటకే అలిసిపోతారు. నడక మారే చోట కేక్ కటింగో, అందరూ కూర్చుని గొంతు కలిపే నెమ్మది పాటో పెట్టండి.

మొదటి పాట విషయంలో మా అభిప్రాయం గట్టిగానే చెబుతాం. అది యాభై దాటినవాళ్ల పాట అయి ఉండాలి. 1990 నాటి జగదేకవీరుడు అతిలోకసుందరిలోని ‘అబ్బనీ తీయని దెబ్బ’ లాంటిది. పెద్దమ్మా బాబాయిలూ ముందు లేస్తే కుర్రవాళ్లకు ఇక మొహమాటం ఉండదు. కుర్రవాళ్ల పాటతో మొదలుపెడితే పెద్దవాళ్లు ప్రేక్షకులైపోతారు, వాళ్లు చూస్తున్నారన్న స్పృహతో కుర్రవాళ్లూ బిగుసుకుపోతారు. ఆ తర్వాత రెండు పాటలకోసారి తరం మార్చండి. ఒకే తరం పాటలు వరుసగా నాలుగు పడితే మిగతావాళ్లు భోజనాల వైపు నడుస్తారు.

ఏ వెర్షన్, ఎంత సౌండు

వీడియో సాంగ్‌లో మధ్యలో డైలాగులు, ఫైటు శబ్దాలు వస్తాయి. సినిమా పాటలన్నీ కలిపి పెట్టే జ్యూక్‌బాక్స్ మొత్తం ఒకే ఫైలు, వరుస మార్చుకోలేం. డీజే రీమిక్సుల్లో అర నిమిషానికోసారి ఆ డీజే పేరు అరుపులా వినిపిస్తుంది. ఆడియో వెర్షనో, లిరికల్ వీడియోనో తీసుకోవడం మేలు.

పాత రికార్డింగులు సౌండు తక్కువగా, కొత్తవి బాగా ఎక్కువగా ఉంటాయి. అందుకే 1973 పాట తర్వాత 2024 పాట రాగానే ఎవరో పరిగెత్తుకొచ్చి వాల్యూమ్ తగ్గిస్తారు. స్పాటిఫైలో పాటల సౌండును సమం చేసే వాల్యూమ్ నార్మలైజేషన్ ఆన్ చేసి ‘నార్మల్’లో ఉంచితే అన్నీ −14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (సౌండు ఎంత పెద్దగా వినిపిస్తుందో కొలిచే ప్రమాణం) దగ్గరికి వస్తాయి. మీ దగ్గర ఫైళ్లే ఉంటే ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో లౌడ్‌నెస్ నార్మలైజేషన్‌తో అదే అంకె పెట్టుకోండి. పాత పాటలకు బేస్ పెంచొద్దు. వాటిలో ఉన్నది తబలా, ఢోలక్, బాంగోలే గనుక బేస్ పెంచితే బుడబుడమంటాయి తప్ప ఊపు రాదు. మధ్య స్థాయి కొంచెం పెంచితే గొంతు తేటపడుతుంది.

ఒక పాట తగ్గుతుండగా తర్వాతి పాట మొదలయ్యే క్రాస్‌ఫేడ్ 12 సెకన్ల దాకా పెట్టుకోవచ్చు గానీ మూడు చాలు. అంతకు మించితే రెండు తాళాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. షఫుల్, ఆటోప్లే రెండూ ఆపేయండి. పాటలన్నీ ముందే డౌన్‌లోడ్ చేసుకుని, ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, బ్లూటూత్ మాత్రం మళ్లీ ఆన్ చేయండి. లేకపోతే చరణం మధ్యలో స్పీకర్‌లోంచి ఎవరిదో కాల్ మోగుతుంది. ఉచిత ఖాతా అయితే ప్రకటనలు తప్పవు, ఆ నెలకైనా డబ్బు కట్టుకోవడం మంచిది.

ఆ రాత్రి

పాట వేసేముందు ‘సారీ, ఇది కొంచెం మాస్’ అనొద్దు. ఎవరు అడిగారో కూడా చెప్పొద్దు. మాట లేకుండా వేసేయండి. అడిగినవాళ్లు గదిలో ఎక్కడున్నా మొదటి బీటుకే తల తిప్పుతారు, అది చూసి ఊరుకోండి. పాట పారలేదనిపిస్తే పల్లవిలోనే కోసేయకుండా మొదటి చరణం అయ్యేదాకా ఆగి, వాల్యూమ్ నెమ్మదిగా దించి తర్వాతిదానికి వెళ్లండి. సగంలో కోస్తే అది అడిగినవాళ్లు ఆ రాత్రి ఇంకో పాట అడగరు.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. అందుకని వెనక నుంచి లెక్క వేసుకోండి. 7:50కి మొదలుపెడితే వేగమైన గుత్తి 9:15 ప్రాంతంలో పడాలి, 9:50కి చివరి పాట అయిపోవాలి. పిల్లలు వెళ్లాక వేద్దామని పక్కన పెట్టినవి ఆ తర్వాత గదిలో తలుపులు వేసుకుని చిన్న స్పీకర్ మీద వినొచ్చు.

మర్నాడు ఇద్దరు ముగ్గురైనా విడిగా మెసేజ్ పెట్టి లింకు అడుగుతారు. ప్లేలిస్టును ప్రొఫైల్‌లో కనిపించకుండా ఉంచి, అడిగినవాళ్లకు మాత్రం లింకు పంపండి. జనాన్ని లేపిన పాటలేవో, కూర్చోబెట్టినవేవో మరిచిపోకముందే రాసి పెట్టుకోండి.