పాప గదిలో మంచు రాజ్యం

మా పాపకి మంచు రాణి కథలంటే ప్రాణం. అలాగని గదంతా తెలుపు వేయించకండి, హాస్పిటల్‌లా ఉంటుంది. మంచం వెనక గోడకి మాత్రం లేత నీలం చాలు.

అసలు అందమంతా కాగితపు మంచు పువ్వులదే. నిజమైన మంచు పువ్వుకి మామూలుగా ఆరు రేకులుంటాయి, కాబట్టి ఎనిమిది రానివ్వకండి. చదరపు కాగితాన్ని ఐమూలగా మడిచి, మళ్ళీ సగానికి మడవండి. అప్పుడు 90 డిగ్రీల మూల వస్తుంది, అదే పువ్వుకి మధ్య. ఆ మూలని 30 డిగ్రీల చొప్పున మూడు మడతలు వేసి, పైన ఎగుడుదిగుడు అంచు కత్తిరించేసి, పక్కల్లో చిన్న చిన్న గాట్లు పెట్టండి. విప్పే పని మాత్రం పిల్లలకే వదిలేయండి, ఆ సంతోషం వాళ్ళదే.

పైకప్పు నుంచి తెల్ల దారాలతో ఎత్తు తగ్గులుగా వేలాడదీయండి. సీరియల్ లైట్లు పసుపు కాంతివే తీసుకోండి, నీలం కాంతి నిద్రపట్టనివ్వదు. వైర్లు మంచానికి అందకూడదు, లైట్ల దగ్గర దూది అసలే వద్దు.