పండగ రాత్రి పన్ను నొప్పి: లవంగ నూనె ఎలా వాడాలి?

మా వరంగల్ వైపు సంక్రాంతి అంటే సకినాలే. కరకరలాడే సకినాన్ని పిప్పిపన్నుతో కొరికామంటే ఆ రాత్రి ఇంటిల్లిపాదీ నిద్రపోతారు, మనం తప్ప. పళ్ల డాక్టరు తెల్లవారాక గానీ దొరకడు. అంతవరకు ఓర్చుకోవడానికి లవంగ నూనె పనికొస్తుంది. అంతకుమించి ఆశించకండి.

ముందు గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు కలిపి పుక్కిలించండి. సకినంలోని నువ్వుగింజ పంటి సందులో ఇరుక్కుని ఉంటే పళ్లు శుభ్రం చేసుకునే దారంతో తీయండి. పిన్నీసు జోలికి పోవద్దు. ఒక్కోసారి ఇంతటితోనే సగం నొప్పి తగ్గుతుంది.

తర్వాత నూనె. గదిలో సువాసనకు అమ్మేది కాకుండా, నోటికి వాడవచ్చని సీసాపై రాసి ఉన్నదే మందుల దుకాణంలో అడగండి. అందులో ఎక్కువ భాగం యూజినాల్ ఉంటుంది. నొప్పి తెలియకుండా మొద్దుబార్చేది అదే. డాక్టర్లు తాత్కాలికంగా పన్ను పూడ్చే సిమెంటులో జింక్ ఆక్సైడ్‌తో కలిపేదీ ఇదే. ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు వచ్చే వాసన గుర్తుందా? ఘాటు ఎక్కువ కాబట్టి నేరుగా రాస్తే చిగురు కాలుతుంది. చెంచా (5 మి.లీ.) కొబ్బరి నూనెకు రెండు మూడు చుక్కలు చాలు. జనవరి చలికి కొబ్బరి నూనె గడ్డకడితే నువ్వుల నూనె వాడండి.

చిన్న దూది ఉండను అందులో ముంచి, పిండి, నొప్పి ఉన్న పన్ను మీద పెట్టి ఐదు నిమిషాలు ఉంచండి. ఊరే ఉమ్మిని మింగకుండా ఉమ్మేయండి. మొదట చురుక్కుమంటుంది, తర్వాత మొద్దుబారుతుంది. భరించలేనంత మంట పుడితే వెంటనే తీసి పుక్కిలించండి. తిమ్మిరి పోయేదాకా వేడి టీ తాగకండి, బుగ్గ కొరుక్కున్నా తెలియదు.

జలుబుకు ముక్కులో చుక్కలు, అజీర్తికి నీళ్లలో చుక్కలు అంటూ ఫోన్లలో తిరిగే చిట్కాలను నేను నమ్మను, మీరూ పాటించవద్దు. గర్భిణులు, రక్తం పలుచబడే మందులు వాడేవారు డాక్టరును అడిగాకే వాడాలి.

పసిపిల్లలకు పళ్లు వచ్చేటప్పుడు చిగుళ్లకు ఇది రాయనే రాయకండి. 5 నుంచి 10 మి.లీ. మింగిన చిన్నపిల్లలకు కాలేయం దెబ్బతిని, స్పృహ తప్పిన సందర్భాలున్నాయి. సీసా అందని ఎత్తులో పెట్టండి. పొరపాటున తాగితే వాంతి చేయించకుండా, సీసా సహా ఎంజీఎం వంటి పెద్దాసుపత్రికి పరుగెత్తండి. పెద్దవాళ్లకైనా దవడ వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోయినా, మింగుడుపడకపోయినా తెల్లవారేదాకా ఆగవద్దు, 108కు ఫోను చేయండి.