పాత రాక్ కచేరీ పోస్టర్ కొనేముందు అసలుదో కాదో తేల్చుకోవడం ఎలా?

అన్ని ఊళ్లవీ, అన్ని కాలాలవీ పోగేయకండి. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1966–71 మధ్య ఫిల్‌మోర్, అవలాన్ అనే కచేరీ హాళ్ల కోసం వేసినవి చాలు. ఫిల్‌మోర్ కచేరీల నిర్వాహకుడు బిల్ గ్రాహం వేయించినవాటికి బీజీ, అవలాన్ కచేరీలు నడిపిన ఫ్యామిలీ డాగ్ సంస్థవాటికి ఎఫ్‌డీ అని వరస నంబర్లున్నాయి కాబట్టి వెతుక్కోవడం తేలిక.

పది రెట్లు చూపే భూతద్దం, స్టీల్ స్కేలు, యూవీ (అతినీలలోహిత) టార్చి. ఇంతే సరంజామా.

అసలు తంటా ఎన్నో ముద్రణ అన్నది తేల్చడంలోనే. జనం అడుగుతున్నారని ఆ రోజుల్లోనే చాలా పోస్టర్లు మళ్లీ వేసి అమ్మారు. అందుకే ‘అరవైల నాటిదే సార్’ అన్నవాడు అబద్ధమాడకపోయినా మీరు మునగొచ్చు. కచేరీకి ముందు అచ్చయిందా, తర్వాతా అన్నదాన్ని బట్టే ధర.

ముందు కొలవండి, మిల్లీమీటర్లలో. ఆ నంబరు మొదటి ముద్రణ కొలత, కాగితం మందం, అడుగున ఉండే చిన్న అక్షరాలు పోస్టర్లు సేకరించేవాళ్ల గైడ్‌లో చూసి ఒక్కొక్కటే సరిపోల్చండి. ఒక్కటి తేడా వచ్చినా పక్కన పెట్టేయండి. తర్వాత భూతద్దం. పోస్టర్‌ని ఫొటో తీసి వేసిన దొంగ ముద్రణలో అక్షరాల అంచులు అలుక్కుపోతాయి, నిండు రంగు ఉండాల్సిన చోట చుక్కలు కనిపిస్తాయి. బొమ్మలో ఫొటో ఉంటే అసలుదాంట్లోనూ చుక్కలుంటాయి, కాబట్టి అక్షరాలే చూడండి. టార్చి వెలుగులో కాగితం నీలంగా మెరిస్తే అనుమానించండి, కానీ అదొక్కటే చూసి తీర్పు చెప్పకండి. అలా మెరిసే కాగితాలు అరవైలకు ముందే వచ్చాయి.

ఫ్రేములో ఉన్నది ఎప్పుడూ కొనకండి. చిత్రకారులు మౌస్, కెల్లీ గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బ్యాండ్ కోసం 1966లో చేసిన అస్థిపంజరం–గులాబీల పోస్టర్‌ని (ఎఫ్‌డీ-26) నేను అలాగే కొన్నాను. ఇంటికొచ్చి విప్పితే కింది అంచు కత్తిరించి ఉంది. ఇక కొలిచేదేముంది! పోస్టరు ఎంత బాగుందో చెప్పే గ్రేడు అంకె వేసి ప్లాస్టిక్‌లో సీలు చేసినవాటిదీ నా దృష్టిలో అదే కథ. వేళ్లతో తడిమి చూడని కాగితానికి డబ్బెందుకివ్వాలి?

కొన్నాక పనేం లేదు. ఆమ్లం లేని అట్ట, మైలార్ అనే పారదర్శక ప్లాస్టిక్ కవరు. అట్టకు అంటించారా, విలువ పోయినట్టే. ఆ కాలపు మరో పోస్టర్ చిత్రకారుడు మోస్కోసో రంగులు గోడ మీద చూసుకోవాలనిపిస్తే యూవీ కిరణాలను ఆపే అద్దం వేయించి, ఎండ పడని గోడకు తగిలించండి. పిన్ను చిల్లులు మాత్రం పూడ్పించకండి. గోడకెక్కిన గుర్తులవి; అవి ఉన్నదాన్నే నేను ముందు తీసుకుంటాను.