తుంటి మార్చాక ఏళ్లు గడిచినా నొప్పి పోకపోతే

నా కుడి తుంటి కీలు మార్చి ఐదేళ్లయింది. మొదటి రెండున్నరేళ్లూ ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా "నొప్పిగా ఉందండీ" అనే చెప్పాను. వాళ్లు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూసి, "కీలు చక్కగా కూర్చుందమ్మా, భయం లేదు" అనేవారు. ఆ మాట విని ఇంటికొచ్చి ఏడ్చిన రోజులున్నాయి. కీలు బాగుంటే నేనెందుకు కుంటుతున్నాను? మిషన్ ముందు అరగంట కూర్చుంటే లేవలేకపోతున్నానెందుకు? నేను కుట్టుపని చేసేదాన్ని. పెడల్ తొక్కే కాలే నాకు జీవనం.

ఆ తర్వాత చూపించుకున్న డాక్టరు ఎక్స్‌రే చూడకముందే, "ఎక్కడో ఒక్క వేలితో చూపించండి" అన్నారు. నేను అరచేయి మొత్తం తుంటి మీద పెట్టాను. "అరచేయి కాదు, వేలు" అన్నారావిడ. కాసేపు తడుముకుని, తొడ పక్కన బయటికి తగిలే ఎముక మీద వేలు పెట్టాను. అసలు వైద్యం ఆ వేలితోనే మొదలైంది. అందుకే ఇదే బాధ పడుతున్నవాళ్లకు ముందుగా చెబుతున్నాను. నొప్పి ఉందని చెప్పడం చాలదు. ఎక్కడ, ఎప్పుడు, ఏం చేస్తే వస్తుందో చెప్పాలి.

ఇది మీ ఒక్కరి బాధ కాదు. అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూసి 2012లో బీఎంజే ఓపెన్ పత్రికలో వేసిన సమీక్ష ప్రకారం, తుంటి మార్పిడి తర్వాత సుమారు 7 నుంచి 23 శాతం మందికి దీర్ఘకాలం నొప్పి మిగిలిపోతోంది. ఆపరేషన్ తర్వాత 3 నెలలు దాటినా నిలిచే నొప్పిని ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా 11వ కూర్పులో విడిగా చేర్చారు. "అంతా మీ మనసులోనే ఉంది" అని ఎవరైనా అంటే నమ్మకండి.

రెండు వారాలు రాసిపెట్టండి

కొలతలు రాసుకునే పుస్తకంలోనే వెనక పేజీల్లో నొప్పి రాయడం మొదలుపెట్టాను. ఏ చోట, ఏ వేళ, ఏ కదలికకు వచ్చింది, ఎంతసేపు ఉంది, రాత్రి నిద్ర చెడిందా, దేనికి తగ్గింది. రోజుకు నాలుగైదు లైన్లు చాలు. ఈ రాతలో డాక్టరుకు చాలా విషయాలు దొరుకుతాయి.

నొప్పి గజ్జలో ఉంటే, కాలు ఎత్తి కారులో పెట్టేటప్పుడు, మెట్లెక్కేటప్పుడు, పడుకుని కాలు లేపేటప్పుడు వస్తోందేమో చూడండి. తొడను పైకెత్తే కండరం తాలూకు టెండన్ (కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడు లాంటిది), కొత్త కీలు గిన్నె (నడుం ఎముకలో కూర్చే గుంట భాగం) అంచుకు రాసుకుంటే ఇలా అవుతుంది. గిన్నె ఎముకలోంచి వదులైనా గజ్జలోనే తెలుస్తుంది. నొప్పి తొడ మధ్యలో ఉంటే తొడ ఎముక లోపలికి దించిన కొత్త కీలు కాడ వైపు అనుమానం పోతుంది. కూర్చుని లేచిన మొదటి నాలుగడుగులు ప్రాణం తీసి, నడిచేకొద్దీ సర్దుకునే నొప్పిని తప్పకుండా డాక్టరుకు చెప్పండి. ఇంప్లాంట్, అంటే అమర్చిన కృత్రిమ కీలు, వదులైనప్పుడు తరచుగా కనిపించే గుర్తు అది. బయటి పక్కన, ఆ వైపు తిరిగి పడుకుంటే నొక్కుకునేట్టు ఉంటే పిరుదు కండరాల టెండన్లను, వాటి దగ్గర రాపిడి తగ్గించే నీటితిత్తిని చూడాలి. పిరుదులో మొదలై మోకాలు దాటి పాదం దాకా పాకితే నడుము ఎక్స్‌రే, అవసరమైతే నడుము ఎంఆర్‌ఐ అడగండి. వెన్నులో నొక్కుకుపోయిన నరాన్ని వదిలేసి తుంటిని తిట్టుకునేవాళ్లు చాలామంది ఉంటారు. తొడ ముందు భాగంలో మొద్దుబారి, మంటగా, చీమలు పాకినట్టుంటే చర్మానికి వెళ్లే నరం దెబ్బతిని ఉండొచ్చు. ముందువైపు నుంచి కోసి చేసిన ఆపరేషన్లలో ఇది ఎక్కువ.

ఇవన్నీ అనుమానాలే. తేల్చవలసింది డాక్టరే. అయినా మీరు చూపించే చోటును బట్టే ఆయన ఏ పరీక్ష రాయాలో ఆలోచిస్తాడు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు

ఆపరేషన్ అయిన కొత్తలో తీసిన ఎక్స్‌రే, ఇప్పటిది, రెండూ పట్టుకెళ్లండి. ఒక్క ఎక్స్‌రే చూస్తే కనబడని మార్పు పక్కపక్కన పెడితే కనబడుతుంది. ఇంప్లాంట్ కంపెనీ, సైజు, బ్యాచ్ నంబరు ఉన్న స్టిక్కర్లు ఆపరేషన్ కాగితాల్లో అతికించి ఉంటాయి. లేకపోతే ఆపరేషన్ చేసిన చోట అడిగి తీసుకోండి. లోహానికి లోహమే రాసుకునే రకం కీలు వేసివుంటే ఈ వివరం మరీ ముఖ్యం. ఆ రకంలో ఒకటైన ఏఎస్‌ఆర్ అనే కీలును 2010 ఆగస్టులో ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. అలాంటి కీలు ఉన్నవాళ్లకు, కీలులోని లోహాలైన కోబాల్ట్, క్రోమియం రక్తంలో ఎంత ఉన్నాయో చూస్తారు.

ఇన్‌ఫెక్షన్ లేదని తేలేదాకా మిగతావాటి గురించి తొందర వద్దు. ఏళ్ల తర్వాత కూడా పంటి చీము నుంచో, మూత్రం ఇన్‌ఫెక్షన్ నుంచో, చర్మం మీది పుండు నుంచో క్రిములు రక్తంలో కలిసి కీలును చేరగలవు. కదలకుండా పడుకున్నా తగ్గని నొప్పి, రాత్రిళ్లు లేపే నొప్పి ఉంటే ఒంట్లో వాపు, ఇన్‌ఫెక్షన్ ఉన్నాయేమో సూచించే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు చేయమని అడగండి. అనుమానం బలంగా ఉంటే కీలులోంచి సూదితో నీరు తీసి పరీక్షిస్తారు. ఇక్కడ ఒక జాగ్రత్త. ఆ నీరు తీయకముందే ఎవరో ఇచ్చిన యాంటీబయాటిక్ మింగితే క్రిమి పరీక్షలో దొరక్కుండా పోవచ్చు. మామూలు జ్వరానికైనా సరే, కీలు మార్చిన సంగతి చెప్పి మందు రాయించుకోండి.

పడిన తర్వాత కాలు మోపలేకపోయినా, కాలు ఒక్కసారిగా పొట్టిగా అయి పక్కకు తిరిగిపోయినా, చలితో జ్వరం వచ్చినా, కుట్ల చోట ఎర్రబడి చీము కారినా, పిక్క వాచి ఆయాసం వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. మలమూత్రాల మీద పట్టు తప్పితే ఒక్క గంట కూడా ఆగొద్దు.

నాకు పనిచేసినవి

నాది పిరుదు పక్క కండరాల బలహీనత. ఆపరేషన్‌కు ముందే ఏళ్ల తరబడి కుంటడంతో ఆ కండరాలు సన్నబడ్డాయి. కీలు కొత్తది వచ్చినా దాన్ని పట్టి నడిపించే కండరం పాతదే కదా. ఆ పాత కుంటు అలాగే సాగి, టెండన్ ఒరుసుకుపోయింది.

ఫిజియోథెరపిస్టు మొదట కొన్ని పనులు మాన్పించారు. బరువంతా ఒక కాలి మీద వేసి తుంటి వాల్చి నిలబడటం నాకు బట్ట కత్తిరించేటప్పటి అలవాటు. అది మానేశాను. కాలు మీద కాలు వేయడం, పల్లపు కుర్చీలో కూర్చోవడం కూడా మానాను. కుర్చీ ఎత్తు పెంచి, తుంటి మోకాలి కంటే కొంచెం పైన ఉండేట్టు చూసుకున్నాను. రాత్రి బాగున్న ఎడమ వైపు తిరిగి, మోకాళ్ల నుంచి మడమల దాకా మధ్యలో మందపాటి దిండు పెట్టుకున్నాను. మూడో వారానికే నిద్ర బాగా పట్టసాగింది. ఖర్చు లేని ఈ దిండు విషయం రెండున్నరేళ్లు నాకెవరూ చెప్పకపోవడం ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

తర్వాత వ్యాయామం. గోడ పట్టుకుని నిలబడి కాలు పక్కకు జరపడం. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము లేపడం. ఎత్తైన కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం. మొదట్లో ఎనిమిదిసార్లు కూడా చేయలేకపోయాను. నొప్పిని సున్నా నుంచి పది దాకా అంచనా వేసుకుంటే, పదికి నాలుగు దాకా వస్తే ఫరవాలేదని, కానీ మర్నాటి పొద్దుటికి మామూలు స్థాయికి దిగిపోవాలని నాకు చెప్పారు. దిగకపోతే ఆ రోజు సగమే చేసేదాన్ని. మొదటి నెల ఏ తేడా లేదు. మూడో నెల దాటాక మెట్లు ఎక్కుతుంటే కుంటు తగ్గిందని మా అమ్మాయి గమనించింది, నేను కాదు. మీ కీలు రకాన్ని బట్టి కొన్ని కదలికలు కూడకపోవచ్చు, కాబట్టి ఒకసారి ఫిజియోకు చూపించాకే మొదలుపెట్టండి.

చేతికర్రను నొప్పి ఉన్న వైపు పట్టుకునేవాళ్లను చాలామందిని చూశాను. కుడి తుంటి నొప్పి అయితే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. కుడికాలు ముందుకు వేసేటప్పుడే కర్ర కూడా పడాలి. అప్పుడే పిరుదు కండరాల మీద భారం తగ్గుతుంది. చేతులు వేలాడేసి నిలబడితే కర్ర పిడి మణికట్టు ముడత దగ్గరికి రావాలి.

ఒక కాలు పొడుగైందని అనిపించడం కూడా మామూలే. నేను నా టేపుతోనే కొలుచుకుని, బొడ్డు నుంచి చీలమండ దాకా తేడా చూసి హడలిపోయాను. నడుము ఒక పక్కకు వంగినా ఆ కొలత అలాగే వస్తుందని, నడుం ఎముక ముందు కొస నుంచి కొలవాలని డాక్టరు చెప్పారు. అలా కొలిస్తే తేడా చాలా చిన్నది. మీ అంతట మీరు చెప్పులో మడమ ఎత్తు పెంచుకోకండి.

పనిని ముక్కలు చేసుకోవడం నాకు అన్నిటికంటే కష్టమైంది. ఒంట్లో బాగున్న రోజు నాలుగు గంటలు కుట్టి, తర్వాత రెండు రోజులు మంచం పట్టేదాన్ని. ఇప్పుడు ఫోనులో ఇరవై నిమిషాలకు మోత పెట్టుకుంటాను. బాగున్నా లేస్తాను, బాగోకపోయినా లేస్తాను. నొప్పి వచ్చాక ఆపడం వేరు, రాకముందే ఆపడం వేరు.

మందులు, మళ్లీ ఆపరేషన్

పారాసిటమాల్ కూడా రోజుకు 4 గ్రాములు దాటకూడదు, కాలేయం జబ్బున్నవాళ్లకు ఇంకా తక్కువ. మిగతా నొప్పి బిళ్లలు నెలల తరబడి వాడితే కడుపు, కిడ్నీ దెబ్బతినవచ్చు. మంట, కరెంటు షాకు లాంటి నొప్పి ఉంటే నరాలకిచ్చే మందులు వేరే ఉన్నాయి, వాటి గురించి అడగండి. నెలల తరబడి నొప్పి సంకేతాలు మోసిన నరాలు చిన్న తాకిడికే గట్టిగా స్పందించడం నేర్చుకుంటాయి. అప్పుడు నిద్ర లేకపోయినా, టెన్షన్ పెరిగినా నొప్పి పెరుగుతుంది. దానికి నొప్పి వైద్య నిపుణులున్నారు. వాళ్ల దగ్గరికి వెళ్లడానికి సిగ్గుపడొద్దు.

మళ్లీ కీలు మార్చేద్దామని ఎవరైనా అంటే, "దేనివల్ల నొప్పి వస్తోందని తేలింది?" అని అడగండి. వదులైందనో, ఇన్‌ఫెక్షన్ అనో, గిన్నె రాసుకుంటోందనో స్పష్టమైన జవాబు వస్తే మాట్లాడవచ్చు. కారణం తేలకుండా నొప్పి కోసమే చేసిన రెండో ఆపరేషన్ చాలాసార్లు ఫలితం ఇవ్వదు. జవాబు రాకపోతే, కాగితాలన్నీ తీసుకుని ఇంకో కీళ్ల డాక్టరును కలవండి. నాకు కూడా అప్పట్లో రెండో ఆపరేషన్ సలహా ఇచ్చారు. ఇప్పుడు నా నొప్పి పోలేదు గానీ, చాలా రోజులు పదికి రెండు దగ్గర ఉంటోంది. మిషన్ మీద నా కుడి కాలే పనిచేస్తోంది.